రెండు చాపల మధ్య మక్బూలు

నర్సరావుపేటలో పరుపుల మక్బూలుని చెడ్డవాడన్న మనిషి ఒక్కడూ లేడు. పెళ్ళాం ఖైరున్నీసా కూడా ఆ మాట అనలేదు. కాకపోతే "మీ మక్బూలు ఎంత మంచోడమ్మా" అని ఎవరైనా అంటే ఆమె మూతి తిప్పుకుని, చాటలో బియ్యం ఇంకాస్త గట్టిగా చెరిగేది. మంచివాడితో కాపరం చేసేవాళ్ళ సంగతి మంచివాడితో బేరం చేసేవాళ్ళకి ఏం తెలుస్తుంది?

ఎనభై మూడో సంవత్సరం నాటి మాట. స్పాంజి పరుపులు మా వైపుకి ఇంకా రాలేదు. పెళ్ళి కుదిరిన ఇంటివాళ్ళంతా పాత బస్టాండు వెనక సందులోకి వచ్చి, అన్నదమ్ముల కొట్టు ఎక్కడని అడిగేవాళ్ళు. అన్న అబ్దుల్ మజీదు, తమ్ముడు మక్బూలు. దూదేకుల వాళ్ళు. దూది ఏకడం, పరుపులు కుట్టడం తాతల నాటి పని. ఇంట్లో మాట్లాడుకునేది మన తెలుగే. కొట్టు వెనక అందరికీ ఒకటే వాకిలి, దానికి అటొక వంటిల్లు, ఇటొక వంటిల్లు. గుడ్డ ఏ రంగు, దూది ఎంత, పరుపు ఎప్పటికి ఇవ్వాలి అనేవన్నీ మజీదు చెప్పేవాడు. పరుపుకి ఆ పక్క అన్న, ఈ పక్క తమ్ముడు కూర్చుని, జానెడు పొడుగు సూదిని ఒకరికొకరు అందించుకుంటూ కుట్టుకుపోతుంటే చూసేవాళ్ళకి ముచ్చటేసేది.

మక్బూలు సరే అనే తీరు ఒకటుంది. ఎదుటి మనిషి మాట పూర్తి కాకముందే అతని తల ఎడమ భుజం మీదికి కాస్త వాలేది. ఆ వెనక "సరే" వచ్చేది. తల ముందు, మాట తర్వాత, ఆలోచన ఆ సాయంత్రానికో మర్నాటికో.

ఒకసారి క్షవరానికి కూర్చుంటే, కత్తి పట్టినతను అలవాటుకొద్దీ "మీసం తీసేద్దామా?" అన్నాడు. తల వాలింది. మీసం లేని మొహంతో ఇంటికొస్తే ఖైరున్నీసా గుమ్మంలో నిలబడి ఎవరు కావాలని అడిగింది.

"తీసేద్దామా అన్నాడే. వద్దంటే ఏమనుకుంటాడోనని..." అన్నాడు మక్బూలు.

"మీసం ఎవరిది?"

మక్బూలు నిజంగానే కాసేపు ఆలోచించాడు. ఖైరున్నీసాకి నవ్వాలో ఏడవాలో తెలియక లోపలికి పోయింది.

ఎదురింట్లో గేదెలు పెట్టుకుని పాలు పోసే పుల్లమ్మకి ఇలాంటివి చూస్తే ఒళ్ళు మండేది. "ఒరేయ్ మక్బూలూ, నువ్వు కుట్టే పరుపుల కన్నా నువ్వే మెత్తగా ఉన్నావేందిరా? ఎవరు పడితే వాళ్ళు వచ్చి కూకుంటన్నారు" అనేది. మక్బూలు నవ్వి, దానికీ సరే అనేవాడు.

భయం అని కొందరన్నారు. కానీ మజీదు ఏనాడూ తమ్ముడి మీద చెయ్యెత్తిన మనిషి కాడు, గొంతు పెంచిన మనిషీ కాడు. తల్లి లేని పిల్లవాడికి తండ్రి కూడా పోయేనాటికి పాలపళ్ళు ఊడుతున్నాయి. మజీదు ఒక భుజాన దూదేకే విల్లు, ఇంకో భుజాన తమ్ముణ్ణి వేసుకుని రొంపిచర్ల, ఈపూరు ఊరూరా తిరిగి పెంచాడు. షాహిదా కాపరానికి వచ్చింది మొదలు మరిదికి పెట్టాకే తను తిన్నది. కృతజ్ఞత అందామంటే, అన్నకి సరే అన్నట్టే బస్సులో పక్కవాడికీ అనేవాడు, దారం అమ్మేవాడికీ అనేవాడు. వాళ్ళెవరూ అతన్ని భుజాన మోయలేదు.

అసలు సంగతి అతనికే సరిగ్గా తెలియదు. ఎదుటివాళ్ళ మొహం చిన్నబోతే, పరుపులో విరిగి ఉండిపోయిన సూదిమొన మీద చెయ్యి పడ్డట్టు లోపలెక్కడో కలుక్కుమనేది. అది తప్పించుకోవడానికి సరే అనేవాడు. అనగానే ఎదుటి మొహం విప్పారేది. ఆ కాసేపు ఎంత హాయిగా ఉండేదో! ఆ హాయినే అతను తన ఇష్టం అనుకున్నాడు. సొంత ఇష్టం ఒకటి వేరే ఉంటుందని, దాన్ని వెతుక్కోవాలని అతనికి చెప్పిందెవరు గనక?

మజీదు, షాహిదాలకి పిల్లల్లేరు. మక్బూలు కూతురు షహనాజ్‌కి ఆరేళ్ళు. తనకో తమ్ముడు పుట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల పెద్దమ్మ పక్కలోనే పడుకునేది. పెద్దమ్మ కలిపిన ముద్ద తప్ప తినేది కాదు. ఒకే వాకిలి గదా, ఎవరి వంటింట్లో తింటే ఏముందని ఖైరున్నీసా కూడా పట్టించుకోలేదు. చంటివాడితో ఆమె పని ఆమెకుంది.

ఆ ఏడు వేసవిలో మాచర్లలో ఎవరో ముసలాయన తన దూదేకే మిషను, కొట్టుతో సహా వదిలేస్తానంటే మజీదు వెళ్ళి చూసొచ్చాడు. విల్లు పట్టుకుని రోజంతా కొట్టే పనిని మిషను కాసేపట్లో తేల్చేస్తుంది. మాచర్లకి మకాం మార్చడానికి నిశ్చయమైంది. ఇక్కడి కొట్టు తమ్ముడిది, అక్కడిది మజీదుది. అందులో ఎవరికీ పేచీ లేదు.

ఒక రోజు మధ్యాహ్నం పరుపుకి ఆ పక్క కూర్చుని సూది అందిస్తూ మజీదు అన్నాడు.

"మక్బూలూ, షహనాజ్‌ని మాకిచ్చెయ్యిరా. పెంచుకుంటాం. అది లేకుండా ఆడకి పోతే మీ వదిన బతకదు."

తల వాలింది. "సరే అన్నా" అన్నాడు మక్బూలు.

మజీదు చేతిలో సూది ఆగిపోయింది. నలభై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. తర్వాత తమ్ముడి భుజం పట్టుకుని ఊపాడు. ఆ పూటంతా మక్బూలు ఎంతో సంతోషంగా కుట్టాడు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, తను ఇచ్చింది కూతుర్నని అప్పుడు గుర్తొచ్చింది.

అప్పటికే షాహిదా గిన్నె నిండా సేమ్యా పాయసం తెచ్చి తోడికోడలి చేతిలో పెట్టి, కళ్ళనీళ్ళతో వాటేసుకుని పోయింది. ఖైరున్నీసా ఆ గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"ఇస్తానన్నావా?"

"అన్నానే."

"నన్ను అడిగావా? కన్నది నువ్వా నేనా? ఇయ్యనని చెప్పు."

"సరే" అన్నాడు మక్బూలు. తల అదే వైపుకి వాలింది. భార్య మొహం కుదుటపడింది. అతనికి మళ్ళీ హాయిగా ఉంది. నిజంగా చెబుదామనే అనుకున్నాడు.

పొద్దున కొట్లో అన్న ఎదురుగా కూర్చుని "అన్నా" అన్నాడు. మజీదు తలెత్తాడు. పరుపు గుడ్డ తానులో మిగిలిన పూల గుడ్డ కత్తిరించి షాహిదా చిన్న గౌను కుట్టింది. అది ఆ పక్కనే మేకుకి వేలాడుతోంది. రెండోది సగం అయింది. "ఏందిరా?" అన్నాడు మజీదు.

"ఏం లేదన్నా. దారం అయిపోయింది."

ఇలా ఒక రోజా, రెండు రోజులా! పొద్దున అన్నకి సరే, సాయంత్రం భార్యకి సరే. అక్కడ గౌన్లు పెరిగాయి, ఇక్కడ ఖైరున్నీసా నిద్ర తగ్గింది. "చెప్పావా?" అంటే "చెప్తన్నా" అనేవాడు. అబద్ధమాడుతున్నానని అతనికి ఒక్కసారీ తోచలేదు. ఎవరి ఎదుట ఉంటే వాళ్ళవైపే అతని మనసు మొత్తంగా మొగ్గేది. నేనైతే ఆ రోజుల్లో అతన్ని పట్టుకుని కుదిపేసేదాన్నని పుల్లమ్మ తర్వాత చాలాకాలం చెప్పుకుంది. కుదిపితే కుదిపించుకునేవాడు, అంతే.

మాచర్ల ప్రయాణం ఆదివారం అని తెలిశాక ఖైరున్నీసా ట్రంకుపెట్టె దించి పిల్లలిద్దరి బట్టలూ సర్దింది. వినుకొండలో పుట్టిల్లు ఉంది, రైలెక్కితే ఎంతసేపు. పోతే మళ్ళీ ఈ గడప తొక్కనంది. పుల్లమ్మే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు పోతే బిడ్డని కాపాడుకున్నట్టా, మొగుణ్ణి వదులుకున్నట్టా? ముందు రహీము సాయిబు కాడికి పోదాం పద" అంది.

అబ్దుల్ రహీము జౌళి వ్యాపారం కొడుక్కి అప్పజెప్పి, పేటలో తగాదాలు తీర్చుకుంటూ కూర్చునే పెద్దమనిషి. అందరూ తాతా అంటారు. మా పల్నాడులో పెద్దమనుషుల ముందుకి వచ్చినవాళ్ళు తమ మాట తాము చెప్పుకోరు. ఎదురూ బొదురూ మాట్లాడుకుంటే నోటి మాట కర్రల దాకా పోతుందని, ఎవరి తరఫున వాళ్ళు ఒక మనిషిని పెట్టుకుంటారు. ఆ మనిషే మాట్లాడాలి, అసలువాళ్ళు నోరెత్తకూడదు. రహీము రెండువైపులకీ కబురు చేశాడు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక మా వసారాలో కూర్చుందాం, మీ మనిషిని తెచ్చుకోండి అని.

మజీదుకి ఇందులో చిక్కేమీ కనపడలేదు. తమ్ముడు ముందే సరే అన్నాడు, పేచీ పెడుతున్నది మరదలు. "నా తరఫున నువ్వే మాట్లాడాలిరా. నా సంగతి నీ కన్నా ఎవరికి తెలుసు?" అన్నాడు. మక్బూలు సరే అన్నాడు.

ఖైరున్నీసాకీ చిక్కు కనపడలేదు. మొగుడు ఇవ్వనన్నాడు, బలవంతం చేస్తున్నది బావగారు. "మా అన్న వినుకొండ నించి రేపటికి రాలేడు. బిడ్డకి తండ్రివి, నా తరఫున నువ్వే కూకో" అంది. మక్బూలు దానికీ సరే అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం రహీము వసారాలో ఎదురెదురుగా రెండు చాపలు వేశారు. ఆడవాళ్ళు గడప లోపల కూర్చున్నారు. షాహిదా ఒక మూల, ఖైరున్నీసా ఇంకో మూల, మధ్యలో తనకెవరూ అప్పజెప్పని పెత్తనంతో పుల్లమ్మ. వసారాలో ఇరుగుపొరుగు మగవాళ్ళు నలుగురైదుగురు గోడకి చేరగిలబడ్డారు. మక్బూలు చెప్పులు విడిచి, ఏ చాప మీద కూర్చోవాలో తెలియక మెట్టు మీదే నిలబడ్డాడు.

"మజీదూ, నీ తరఫెవరు?" అన్నాడు రహీము.

"మా తమ్ముడు."

"ఖైరున్నీసా, నీ తరఫెవరమ్మా?"

"మా ఆయనే తాతా" అంది లోపలి గొంతు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడ దగ్గరివాళ్ళు ఘొల్లుమన్నారు. సైకిళ్ళ బాజీ అనేవాడు పొట్ట పట్టుకుని, "చెరో సగం కోసి కూకోబెట్టు తాతా" అన్నాడు. మజీదు నవ్వలేదు. తమ్ముడి వంక, గడప వంక మార్చి మార్చి చూశాడు. లోపల ఖైరున్నీసా లేచి నిలబడినట్టు గాజుల చప్పుడు వినపడింది.

రహీము నవ్వినవాళ్ళని కళ్ళతోనే నోరు మూయించి, మక్బూలుని చాలాసేపు చూశాడు.

"ఇద్దరికీ ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్నా తాతా."

"అయితే ఇద్దరి తరఫునా మాట్లాడు. ముందు ఈ చాప మీద కూకో. మీ అన్న మాట చెప్పు."

మక్బూలు అన్న చాప మీద కూర్చున్నాడు. అతను పదిమందిలో నోరు విప్పగా ఆ పేటలో ఎవరూ వినలేదు. ఒక్కో మాటే వచ్చింది.

"మా అన్న నన్ను భుజాన మోసి పెంచాడు. తనకి పిల్లలు పుట్టకపోతే ఎవరి ముందరా ఏడవలా. మా వదిన బజార్లో చంటిబిడ్డ కనపడితే పక్క సందులోకి తిరిగిపోయేది. షహనాజ్ పుట్టినాక ఆమె సందులు తిరగటం మానింది. ఇయ్యాళ ఆ పిల్లని ఈడ వదిలి పొమ్మంటే, ఆమె ఆడ మాచర్లలో మళ్ళీ సందులు తిరగాల. మా అన్న నన్ను ఇంతవరకూ ఏదీ అడగలా. ఇదొక్కటే అడిగాడు."

మజీదు భుజం మీది తువాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. లోపల షాహిదా వెక్కిళ్ళు వినిపించాయి. గోడ దగ్గరివాళ్ళు ఇక తీర్పు అయిపోయినట్టే తలలూపారు.

"లే. ఈ చాప మీదికి రా. నీ పెళ్ళాం మాట చెప్పు" అన్నాడు రహీము.

మక్బూలు లేచి, ఎదుటి చాప మీద కూర్చున్నాడు.

"ఖైరున్నీసా ఆ బిడ్డని కనేటప్పుడు చావు దాకా పోయొచ్చింది. బిడ్డ పెద్దమ్మ పక్కలో పడుకుంటే ఏనాడూ కాదనలా. ఒకే వాకిలి గదా, లేచి అమ్మా అంటే వినపడద్దిగదా అనుకుంది. మాచర్ల ఎన్ని మైళ్ళో ఆమెకి తెలీదు. అమ్మా అంటే వినపడనంత దూరమని తెలుసు. రేపు ఆ పిల్ల పెద్దదై, తమ్ముణ్ణి ఉంచుకుని నన్నెందుకు ఇచ్చావని అడిగితే, తను ఏం చెప్పాలని అడుగుతాంది. నన్ను రోజూ అడుగుతాంది. నేను చెప్పలా."

ఈసారి వసారాలో ఎవరూ కదల్లేదు. మజీదు తువాలు దించి, ఆ మాటలు ఇప్పుడే మొదటిసారి వింటున్నవాడిలా నోరు తెరుచుకుని కూర్చున్నాడు. నిజానికి మొదటిసారే. తమ్ముడు చెప్పి ఉంటే గదా అతనికి తెలిసేది.

"ఇంక లేచి మధ్యలో కూకో" అన్నాడు రహీము. "ఇప్పుడు నీ మాట చెప్పు."

మక్బూలు రెండు చాపల మధ్య వట్టి నేల మీద కూర్చున్నాడు. చెబుదామని నోరు తెరిచాడు. లోపల చూసుకుంటే అన్న గొంతు ఉంది, ఖైరున్నీసా గొంతు ఉంది, వదిన ఏడుపు ఉంది. పుల్లమ్మ తిట్లు కూడా ఉన్నాయి. తన గొంతు ఏదో పోల్చుకోలేకపోయాడు. అతనికి భయం వేసింది. ఇంతమంది ఎదురుచూస్తున్నారు, ఏదో ఒకటి అనేస్తే వీళ్ళ మొహాలు విప్పారతాయి. కానీ ఏ మాట అన్నా సగం మొహాలే విప్పారతాయి. అలాంటి చోట అతను ఇంతవరకూ ఎప్పుడూ కూర్చోలేదు.

"నాకు తెలీటంలా తాతా."

"ఒకే బిడ్డకి రెండు సరేలు చెప్పావు. అందులో ఒకటి అబద్ధం గదరా. ఏదో చెప్పు."

"అన్నకి చెప్పినప్పుడూ నిజంగానే చెప్పా. నా పెళ్ళానికి చెప్పినప్పుడూ నిజంగానే చెప్పా. ఏది అబద్ధమో నాకు తెలీటంలా."

"థూ, నీ బతుకు!" అంది లోపల్నుంచి పుల్లమ్మ. రహీము గడప వైపు చెయ్యెత్తి ఆమెని ఆపాడు. ముసలాయనకీ ఏం చెయ్యాలో తోచలేదు. పెద్దరికం మొదలుపెట్టిన దగ్గర్నుంచి మొండివాళ్ళని, అబద్ధాలకోరుల్ని, తాగుబోతుల్ని చూశాడు గానీ, ఇద్దరి తరఫునా నిజం చెప్పి తన తరఫున ఏమీ లేని మనిషిని చూడలేదు. కాసేపు గడ్డం నిమురుకుని, "పిల్లని పిలవండి" అన్నాడు.

షహనాజ్ లోపల రహీము మనవరాలితో అచ్చంగాయలాడుతోంది. పెద్దమ్మ కుట్టిన పూల గౌను, అమ్మ వేసిన రెండు జడలు. గుప్పెట్లో రాళ్ళు అలాగే పట్టుకుని వసారాలోకి వచ్చింది.

"పెదనాన్నతో మాచర్ల పోతావామ్మా?" అన్నాడు రహీము.

పిల్ల ముందు రహీము మొహం చూసింది. తర్వాత పెదనాన్న మొహం చూసింది. మజీదు కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. ఆ చిన్న తల ఎడమ భుజం మీదికి కాస్త వాలింది.

"సరే" అంది.

లోపల షాహిదా "నా తల్లే" అంది. రహీము మళ్ళీ అడిగాడు.

"పోనీ, ఈడే అమ్మ కాడ ఉంటావా?"

పిల్ల గడప వైపు తిరిగింది. తలుపు పట్టుకుని నిలబడ్డ తల్లి మొహం వెతికింది. తల మళ్ళీ అదే వైపుకి వాలింది.

"సరే."

"అచ్చు తండ్రే, తల తిప్పటం కూడా!" అని బాజీ నవ్వాడు. ఇంకొందరు నవ్వారు. పిల్ల కూడా, అందరూ నవ్వుతున్నారు గనక తనూ నవ్వింది.

మక్బూలుకి నవ్వు రాలేదు. తను సరే అనేటప్పుడు ఎలా ఉంటాడో అతను ఎప్పుడూ చూసుకోలేదు. ఇప్పుడు చూశాడు. ఆరేళ్ళ పిల్ల, ఎవరి మొహంలో ఏముందో వెతుక్కుని, దానికి సరిపడా తల వాల్చడం చూశాడు. ఎవరడిగితే వాళ్ళ వెంట పోతుంది. రేపు ఎవడో ఏదో అడుగుతాడు, అప్పుడూ తల వాలుస్తుంది. దీనికి ఇది ఎవరు నేర్పారు? పెద్దమ్మ నేర్పలేదు, అమ్మ అసలే నేర్పలేదు.

"ఇయ్యను."

ఎవరో అన్నారనుకుని అతనే పక్కకి చూశాడు. అందరూ తన వంకే చూస్తున్నారు.

"ఇయ్యనన్నా. నా బిడ్డని నేను ఇయ్యను" అన్నాడు మళ్ళీ, అన్నని చూస్తూ.

మజీదు మొహం చిన్నబోయింది. మక్బూలుకి లోపల కలుక్కుమంది. లేచి వెళ్ళి అన్న కాళ్ళు పట్టుకుని, సరే, తీసుకుపో అనాలనిపించింది. నేలని అరచేతులతో నొక్కిపట్టుకుని కూర్చున్నాడు.

మజీదు లేచాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది.

"ఆ మాట మొదటిరోజే చెప్తే పోయేదిగదరా" అన్నాడు. "మీ వదినని అన్ని గౌన్లు కుట్టనిచ్చేవాణ్ణి కాదు."

ఆ మాట మక్బూలుకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇన్నాళ్ళూ అన్న మొహం చిన్నబోకూడదనే గదా తను సరే అన్నది. మరి ఇప్పుడు ఈ మొహమేంటి? ఆ రోజు ఒక్క మాటతో పోయేదాన్ని తనే ఇంత చేశాడా? మంచితనం అనుకున్నది మంచితనమేనా? అతనికి ఏమీ అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున బస్సు పైన విల్లు, దూది మూటలు, వంట సామాను మక్బూలే ఎక్కించి తాళ్ళు కట్టాడు. మజీదు "ఆ ముడి గట్టిగా బిగించు" అన్నాడు, అంతకు మించి ఏమీ మాట్లాడలేదు. షాహిదా పిల్లని గుండెలకి అదుముకుని, వదిలి, గౌన్ల మూట ఖైరున్నీసా చేతిలో పెట్టింది. "ఎదిగే పిల్ల, పొట్టైపోతయ్. తొందరగా తొడుగు" అంది. ఖైరున్నీసా "అక్కా" అని ఆ మూటని రెండు చేతులతో పట్టుకుంది. బస్సు కదిలిపోయింది.

ఖైరున్నీసా సంతోషంగా ఉండాలి. ఉంది కూడా. ట్రంకుపెట్టె మళ్ళీ అటకెక్కింది. ఆ రోజు అన్నం వడ్డిస్తూ, "అంత గట్టిగా చెప్తావని నేననుకోలా" అంది. మక్బూలు ముద్ద నోటి దగ్గరే ఆపి, ఆమె మొహం విప్పారి ఉండటం చూశాడు. అప్పుడు పుట్టింది కొత్త అనుమానం. ఆ మాట తనదేనా? గడప లోపల ఖైరున్నీసా నిలబడి ఉంది గనక అన్నాడా? అక్కడ ఆమె లేకుండా షాహిదా ఒక్కతే ఉంటే ఏమనేవాడు? ఎంత ఆలోచించినా తెగలేదు. కొట్లో పరుపుకి ఆ పక్క ఇప్పుడు ఎవరూ లేరు. సూది ఆ వైపుకి తోసి, లేచి చుట్టూ తిరిగి వెళ్ళి, తనే లాగి, మళ్ళీ ఈ వైపుకి వచ్చి కూర్చునేవాడు. ఒక్కో కుట్టుకి అంత తిరుగుడు.

మంగళవారం సాయంత్రం పొద్దు వాలుతుండగా షహనాజ్ కొట్లోకి వచ్చి, దూది కుప్ప మీద కూర్చుంది. రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. మక్బూలు కూతురి వంక తిరిగి, "ఏం కావాలమ్మా?" అన్నాడు. పిల్ల వెంటనే అతని కళ్ళలోకి చూసింది. తల కదలబోయింది.

మక్బూలు చప్పున మొహం అటు తిప్పుకుని, గోడకెదురుగా కూర్చున్నాడు.

"నన్ను చూడమాక. నేనూ నిన్ను చూడను. ఇప్పుడు చెప్పు, నీకేం కావాల?"

వెనక నుంచి ఏమీ వినపడలేదు. పిల్ల లేచి పోయిందేమో అనుకున్నాడు. తిరిగి చూడాలని మెడ లాగేసింది. చూడలేదు. గోడకి కొట్టిన మేకు ఒకటి కళ్ళెదురుగా ఉంది, పూల గౌను వేలాడిన మేకు. దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"మాచర్ల పోతా" అంది షహనాజ్. "పెద్దమ్మ కావాల. పెద్దమ్మ కాడే ఉంటా."

మక్బూలు కళ్ళు మూసుకున్నాడు. తల వాలబోయింది. కూతురు మొదటిసారి నోరు విప్పి అడిగింది. పాత మక్బూలు అయితే ఈపాటికి సరే అనేసి, సైకిలు మీద బస్టాండుకి తీసుకుపోయేవాడు. ఆ సరే గొంతు దాకా వచ్చింది కూడా. దాన్ని మింగాడు.

"పంపను" అన్నాడు ఇటు తిరిగి. "శలవలకి నేనే తీసుకుపోయి చూపిస్తా. ఉండటానికి పంపను. నాకు నువ్వు ఈడే కావాల."

ఆఖరి మాట తన నోట విని అతనే ఆగిపోయాడు. అది ఎవరి కోసం అన్నాడో చూద్దామని కొట్టంతా కలియజూశాడు. ఎవరూ లేరు. ఉన్న ఒక్క మొహమూ అతను చూస్తుండగానే ముడుచుకుపోతోంది. పెదవి వంకర తిరిగింది. పిల్ల దూది కుప్ప మీద నుంచి లేచి, రెండు గుప్పెళ్ళ దూది తండ్రి మీదికి విసిరి, పెద్దగా ఏడుపు మొదలుపెట్టింది.

"నువ్వు మంచోడివి కాదు! నువ్వు చెడ్డోడివి!"

ఆ కేకకి ఖైరున్నీసా చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చింది. ఏమైంది, ఎందుకు ఏడుస్తాంది అని అడిగింది. చెడ్డోడన్న మాట మక్బూలుని ఎవరూ ఎప్పుడూ అనలేదు. లోపల కలుక్కుమంటూనే ఉంది, ఈసారి ఆగేట్టు కూడా లేదు. కానీ పిల్ల తనకి ఎదురు తిరిగింది. తల వాల్చలేదు. మెడ నిలువునా నిలబెట్టి, కాళ్ళు నేలకేసి కొడుతూ ఏడుస్తోంది.

గడ్డానికి, మీసానికి దూది అంటుకుని ఉన్న మక్బూలు, ఏడవాలో నవ్వాలో తెలియక, కూతురి మెడ వంక అలాగే చూస్తూ కూర్చున్నాడు.